ముందస్తు సమాచారం లేని తనిఖీ

మా తనిఖీ అధికారిగారి నిజాయితీని శంకించినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఏ హాస్టలుకు వెళ్ళాలన్నా వారం ముందే కబురు పంపుతారు. ఆయన అడుగుపెట్టేసరికి గోడలకు కొత్త సున్నం, కంచాలకు మెరుపు, వంటవాళ్ళ నెత్తిన టోపీలు. "సంతృప్తికరం" అని రాసి వచ్చేస్తారు. మర్నాడు టోపీలు పెట్టెలోకి వెళ్ళిపోతాయి. ఇంతటి క్రమశిక్షణ మా శాఖకే చెల్లింది.

అంతటివారిని డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించుకోమంది. ఆయన అన్నగారు షుగరుందని తెలిసేలోపే కాలు పోగొట్టుకున్నారు మరి. పరీక్ష తేదీ తెలియగానే మా అధికారిగారు ఏర్పాట్లు మొదలుపెట్టారు. మూడు రోజులు తీపి బంద్, పొద్దునా సాయంత్రం నడక, రాత్రి సగం కడుపే. పరగడుపు షుగరు తొంభై ఆరు వచ్చింది. వందలోపే కనక నిర్దోషి. ఆ శుభవార్తకు ఆఫీసంతా మిఠాయిలు పంచి, తన వాటా రెండుసార్లు తీసుకున్నారు.

డాక్టరమ్మ ఊరుకునే రకం కాదు. అదే రోజు తీసిన రక్తంతో హెచ్‌బీఏ1సీ అనే ఇంకో పరీక్ష కూడా చేయించింది. ఒంట్లో చక్కెర మూడు నెలలుగా సగటున ఎలా ఉందో అది చెప్పేస్తుందట. ఆరు పాయింట్ రెండు ఉంది. ఐదు పాయింట్ ఏడు నుంచి ప్రీడయాబెటిస్, ఆరున్నరకు చేరితే షుగరు జబ్బే.

"ఇంకా జబ్బు దాకా రాలేదు. తిండి, నడక రోజూ చూసుకుంటే వెనక్కి మళ్ళించొచ్చు. మూడు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేద్దాం" అంది.

అధికారిగారికి ఒళ్ళు మండింది. గడిచిపోయిన రోజులను చెప్పాపెట్టకుండా తనిఖీ చేసే అధికారం రక్తానికి ఎవరిచ్చారని, ఆ రాత్రి భోజనాల దగ్గర భార్యను నిలదీశారు.

ఆవిడ ఆయన కంచంలోకే చూస్తూ అంది: "ఇదే నోటీసనుకోండి. బావగారికి ఇదీ అందలేదు."

ఆయన నిజంగానే భయపడ్డారు. తెల్లవారగానే గోడమీది క్యాలెండరు దించి, మళ్ళీ పరీక్షకు వెళ్ళాల్సిన తేదీకి ఎర్రసిరాతో సున్నా చుట్టారు. దానికి ముందున్న మూడు రోజుల మీద "నడక, తీపి బంద్" అని శ్రద్ధగా రాశారు. మిగతా రోజులన్నీ ఖాళీగా వదిలేశారు. ఆవిడ అది చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మీరేం నవ్వకండి. మొన్న పరగడుపున రక్తమిచ్చి, చేతికి అంటించిన దూది ఇంకా తీయకుండానే, ల్యాబు ఎదురుగా ఉన్న మిఠాయి కొట్లో మీరు కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర ఉన్నది నేనే.