ఎదురుచూసిన నేరం

మార్చి ఏడో తేదీన, కీపర్ ఉడికిన గుడ్డులో సగం తిని మిగతా సగానికి ఉప్పు అద్దుకుంటుండగా, సహకారమన్నది మనుషులకు మాత్రమే అబ్బిన విద్య కాబట్టి జంతువులు దాన్ని పరీక్షలో రుజువు చేసుకోవాలని జంతుప్రదర్శనశాల పాలకమండలి ప్రకటించింది.

పరీక్ష తేలికే. కటకటాల బయట పళ్ల బల్ల, దాని చుట్టూ తిప్పిన ఒకే తాడు. లోపలికి వచ్చిన రెండు కొసలూ ఇద్దరు కలిసి లాగితే బల్ల దగ్గరికొస్తుంది. ఒక్కరే లాగితే తాడు జారి చేతికొస్తుంది, పళ్లు అక్కడే ఉంటాయి.

పెద్దమ్మ అనే ముసలి చింపాంజీ ఒక కొస పట్టుకుని కూర్చుంది. పక్క గదిలోంచి తోటి చింపాంజీ బుజ్జమ్మ వచ్చేదాకా కదల్లేదు. అప్పుడిద్దరూ లాగారు, పంచుకుని తిన్నారు. (వాటాలు తేల్చడానికి ఉపసంఘం వేసుకోలేదు. అక్కడే పాలకమండలి పంపిన పరిశీలకుడికి అనుమానమొచ్చింది.)

"ఆ ముసలిది చేసిందేమిటయ్యా?" అన్నాడాయన.

"ఎదురుచూసిందండీ, రెండోది వచ్చేదాకా," అన్నాడు కీపర్.

"ఎదురుచూడటం ఒక పనా?"

"మీ ఆఫీసుకొస్తే మేం చేసేది అదే కదండీ."

పరిశీలకుడు నవ్వలేదు. నవ్వు ఆయన విధుల్లో లేదు. పనివేళల్లో ఎదురుచూడటం సోమరితనమనీ, సోమరి జంతువును వేరే ఊరికి పంపెయ్యాలనీ తీర్పిచ్చాడు.

"అయ్యా, మొన్న పెద్దమ్మకు జ్వరమొస్తే బుజ్జమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. విడదీస్తే బతకదండీ."

"బతకడం నా విభాగం కాదు."

వారం తిరక్కుండా బోనుతో లారీ వచ్చింది. బోనుకు రెండు తాళాలు. ఒకదాని చెవి జంతు విభాగం అధికారి దగ్గర, రెండోది రవాణా అధికారి దగ్గర. ఇద్దరూ దగ్గరుండి తియ్యాలని నియమం.

జంతు అధికారి పొద్దున్నే వచ్చి, "ఆ రవాణా ఆయనేడీ?" అన్నాడు.

"దార్లో ఉన్నారటండీ. కాస్త కూర్చోండి," అన్నాడు కీపర్.

"బాగుంది! ఎదురుచూస్తూ దొరికితే నన్నే ఊరికి తోలతారో!" అంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రవాణా అధికారి వచ్చాడు. "ఆయన కోసం నేను కాచుక్కూర్చోవాలా? నాకేం పనిలేదనుకున్నావా?" అని ఆయనా వెళ్లిపోయాడు.

ఇద్దరికీ కుదిరిన రోజున రమ్మని చెప్పి లారీని ఖాళీ బోనుతో తిప్పి పంపారు.

చింపాంజీ మహా అయితే యాభై, అరవై ఏళ్లు బతుకుతుంది. ఆ అధికారులిద్దరికీ కుదరడానికి అంత కాలం చాలదని కీపర్ ధీమా. ఆ సాయంత్రం ఒకదాని భుజమ్మీద ఒకటి తలపెట్టి కునుకుతున్న రెంటినీ చూశాడు. పాలకమండలి ఐకమత్యం కలకాలం ఇలాగే వర్ధిల్లాలని మనసారా కోరుకుని, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.