చెప్పుకోలేనివి వేసే బుట్ట

ఆ ఉదయం లాండ్రీ యజమానికి ఒక్కటే ధ్యాస. పెద్ద హోటలు మేనేజరు కొట్టు చూడడానికి వస్తున్నాడు. ఆ హోటలు బట్టలు దొరికితే కొట్టు నిలబడుతుంది, లేకపోతే తాళమే. అంతా అద్దంలా తుడిచాడు గాని, లోదుస్తుల బుట్ట మీద ఆ మాట రాయాలంటే మాత్రం ఆయనకు ప్రాణం పోయినంత పనయింది. ఇంగ్లీషు మేష్టారైన బావమరిదికి ఫోను చేశాడు.

"దొరలు వాటిని అన్‌మెన్షనబుల్స్ అంటారు బావా. మెన్షన్ అంటే చెప్పడం. ఇవి నోటితో చెప్పడానికి వీల్లేనివన్నమాట. మొదట్లో పంట్లాం అనడానికే సిగ్గుపడి ఆ మాట పుట్టించారు. పోనుపోను లోపలికి దిగింది."

"తెలుగులో ఏమని రాయమంటావ్?"

"చెప్పుకోలేనివి! ఎంత మర్యాదగా ఉందో చూడు."

యజమాని భార్య కుంచె పట్టింది. "చెప్పు" వరకు గుమ్మడికాయలంత అక్షరాలు రాసేసరికి అట్టలో చోటైపోయింది. "కోలేనివి" అన్నది చీమల్లా మూలకు ఇరికించి, కింద పెద్దగా "ఇందులో వేయండి" అని ముగించి, అట్టను గుమ్మం పక్కనున్న బుట్టకు తగిలించింది.

మొదట వచ్చినావిడ అట్ట చదివి, "ఒకటి వెయ్యాలా, రెండూ వెయ్యాలా?" అనడిగింది.

ఇస్త్రీ చేస్తున్న యజమాని చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తకుండానే, "ఎన్నున్నా వేసెయ్యండమ్మా, ఇందులో సిగ్గేముంది" అన్నాడు.

ఆవిణ్ణి చూసి వెనకవాళ్లూ వేశారు. బుట్ట నిండింది. పరాయివాళ్ల లోదుస్తుల్లోకి తొంగిచూడడం ఆయన దృష్టిలో మహాపాపం. మొహం గోడకు తిప్పుకుని బుట్టను అలాగే మెషీనులోకి బోర్లించి మీట నొక్కాడు. మెషీను దడదడలాడింది. ఈ రోజుల్లో వీటిని ఇంత గట్టిగా కుడుతున్నారా అని ఆశ్చర్యపోయాడు.

అంతలో కుర్చీలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. "నేను హోటలు మేనేజర్నండీ. నేనెవరో చెప్పకుండా వస్తేనే అసలు సంగతి తెలుస్తుందని ఇలా కూర్చున్నా. ఇంతకీ నా చెప్పులేవి?"

"చెప్పులా?"

భార్య అట్ట వైపు చూసి నాలుక కరుచుకుంది. మెషీను ఆపి తలుపు తీస్తే నురగలోంచి చెప్పులు జారిపడ్డాయి. యజమాని కళ్లలో నీళ్లు తిరిగాయి. కొట్టు పోయినట్టే.

"బుట్టలో ఏముందో చూడనే లేదా?" అన్నాడు మేనేజరు.

"లోదుస్తులనుకున్నానండీ. ఒకరివి మనం చూడకూడదు కదండీ!"

మేనేజరు ఫక్కున నవ్వాడు. "పాత లాండ్రీవాళ్లు మా అతిథులవి చూడడమే కాదు, ఊరంతా చెప్పుకున్నారు. అందుకే మాన్పించా. రేపట్నుంచి బట్టలు మీకే పంపిస్తాను."

గుండెల మీంచి బండ దించినట్టయింది యజమానికి. భార్య చెయ్యి పట్టుకుని నవ్వుతూనే ఏడ్చేశాడు.

జరిగింది ఎవరికీ చెప్పనని మేనేజరు మాటిచ్చి బయల్దేరాడు. ఆయన తడి చెప్పులు మాత్రం వీధి పొడుగునా పిచుక్కు పిచుక్కుమని చెప్పుకుంటూనే పోయాయి.