వెనకగది గోడకి నిమ్ము

కొండవాలు కాలనీలో ఇళ్ల వెనకగోడల నుంచి పాతరోజులు ఊరుతున్నాయని, వెంటనే పూత వేయించి అరికట్టకపోతే కుళాయి కనెక్షన్లు తీసేస్తామని మున్సిపాలిటీ వాళ్లు నోటీసులు అంటించి వెళ్లారు. నోటీసు చూసి ఎవరూ వింతపడలేదు. కొండ తవ్వి ఇల్లు కడితే వెనకగోడ మట్టిలో కూరుకునే ఉంటుంది. మట్టిలో ఉన్న గోడకి నిమ్ము రాకుండా ఎలా ఉంటుంది? వానాకాలం నీళ్లు ఊరతాయి, మిగతా కాలం జరిగిపోయినవి ఊరతాయి. ఊరిన చోట ఓ కేలండర్ తగిలించుకుని అందరూ కాపురాలు చేసుకుంటూనే ఉన్నారు.

ఒక్కో గోడది ఒక్కో తీరు. చివరింట్లో గోడలోంచి అన్నదమ్ములిద్దరు చింతపిక్కలాడుతూ తన్నుకునే గోల వచ్చేది. ఆ అన్నదమ్ములకి ఇప్పుడు మాటల్లేవు. మలుపింటి వాళ్ల గోడ, పాపం, పెళ్లిలో వియ్యంకుడు అలిగిన పూట దగ్గరే ఆగిపోయింది. పులుసులో ఉప్పు లేదన్న అరుపు ఆ ఇంట్లో ఇప్పటికీ వినబడుతుంది. జోగారావు గోడ మాత్రం పెట్టి పుట్టింది.

జోగారావు పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. భార్య వరహాలమ్మ పోయి చాలా ఏళ్లయింది. దీపాలు పెట్టే వేళకి వెనకగది గోడలోంచి ముందు నెత్తళ్ల వేపుడు వాసన వచ్చేది, దాని వెనకే ఆవిడ గొంతు. "వొచ్చేరా? ఆ బూట్లు బయటే ఇప్పండి. ఇల్లంతా గ్రీజు చేసేస్తారు. మీకేటి, తుడిచే చేతులు నావి కదా!" ఆవిడ బతికున్న రోజుల్లో ఆ మాట వింటే ఆయనకి చిర్రెత్తేది. ఇప్పుడు గోడకి వీపు ఆన్చి కూర్చుని, "ఇప్పేసేనే తల్లీ, ఇప్పేసేను," అని బదులు చెప్పేవాడు. చొక్కా వీపంతా తడిసి ముద్దయ్యేది. అబ్బ, ఆ చల్లదనం! ఆ కాసేపూ ఆయన కొత్తగా కాపురం పెట్టిన కుర్రాడే.

పైవాటాలో ఉంటున్న కూతురు కనకం నోటీసు పట్టుకుని కిందికి దిగింది.

"నాన్నా, నీళ్లు కట్టేస్తారట. ఇద్దరు పిల్లల్తో ఈ మెట్లన్నీ ఎక్కుతూ బిందెలు మొయ్యడం నా వల్ల కాదు."

"పూత వేసేస్తే మరి మీ అమ్మ?"

"నాకు మాత్రం అమ్మ కాదేటి? మరేం చెయ్యమంటావు, నువ్వే చెప్పు."

పిల్లల గొంతు తడవాలి కదా. సరేనన్నాడు.

భవన నిబంధనల ప్రకారం పాతరోజుల్ని ఆపే పూత గోడకి మట్టివైపున వెయ్యాలి. మట్టివైపు వెయ్యాలంటే కొండ తవ్వాలి, కొండ తవ్వితే పైవరస ఇళ్లు కిందివరస నెత్తిన కూర్చుంటాయి. అందుకని ఊరంతా చేసినట్టే వీళ్లూ లోపలివైపు పూయించారు. అలా పూస్తే అప్పటికే లోపలికి వచ్చేసిన నిమ్ము లోపలే ఉండిపోతుంది. అది ఆఫీసులో అందరికీ తెలుసు. వాళ్లు చూసేది గోడ ఎండిందా లేదా అన్నదొక్కటే.

మొదటి పూతకి వేపుడు వాసన పోయింది. రెండో పూత వేస్తుంటే జోగారావు మేస్త్రి పక్కనే నిలబడి గోడకి చెవి ఆన్చబోయాడు.

"తడిపూత బాబూ, చెంప అంటుకుపోద్ది," అన్నాడు మేస్త్రి.

"చెంబుతో నీళ్లు పెట్టేను, కాళ్లు..." అంటూ గోడలోంచి వచ్చిన వరహాలమ్మ గొంతు బ్రష్షు కింద ఆగిపోయింది. జోగారావు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మేస్త్రి బ్రష్షు మళ్లీ డబ్బాలో ముంచి, మిగిలిన మూల కూడా పూసేశాడు.

తనిఖీకి మున్సిపాలిటీ నుంచి పట్నాయక్ వచ్చాడు. నిమ్ము కొలిచే యంత్రం గోడ పొడుగునా ఆనించి, బాగా ఆరిందని మెచ్చుకున్నాడు. వెనక్కి తిరిగి జోగారావు పక్కనుంచి వెళ్తుంటే యంత్రం కూత పెట్టింది. ఈసారి ఆయన భుజానికే ఆనించాడు, మళ్లీ కూసింది.

"ఏమనుకోకండమ్మా. ఊట ఇప్పుడు గోడలో లేదు, మీ నాన్నగారిలో ఉంది."

"మనిషి గోడెలా అవుతాడండీ?" అంది కనకం.

"నేలమట్టానికి కింద ఊరేది ఏదైనా, అని ఉందమ్మా నిబంధనలో."

"అయితే పైకి తీసుకుపోతాం."

"పైఅంతస్తులో కారితే అది ఇంకో సెక్షను. కనెక్షను ఎలాగూ పోతుంది."

జోగారావు కూతురి మొహం చూశాడు. మెట్ల మీద ఖాళీ బిందె పట్టుకుని నిలబడ్డ మనవరాలిని చూశాడు. వీధిలో పూత పనిలో ఉన్న మేస్త్రిని పిలిపించి, చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నాడు. "చంకల్లో మెల్లిగా రాయి నాయనా, నాకు చక్కిలిగింత," అన్నాడు. మేస్త్రి మెల్లిగానే రాశాడు, రెండు పూతలూ. తర్వాత ఆయన్ని ఎండలో కూర్చోబెట్టారు.

యంత్రం ఈసారి కుయ్యనలేదు. పట్నాయక్ సంతోషంగా టీ తాగాడు. "నేనూ వేయించుకున్నానండీ, మా ఆఫీసు వాళ్లందరికీ ముందే వేశారు. మనసు తేలిగ్గా ఉంటుంది. మా అమ్మ కూడా..." అని మొదలెట్టి, ఆ పై మాట గుర్తు రాక, గ్లాసు కింద పెట్టి పక్కింటికి వెళ్లాడు.

సాయంత్రం కుళాయి వచ్చింది. కనకం బిందెలన్నీ నింపి, ఉండబట్టలేక వెనకగదిలోకి వెళ్లి గోడ మీద చెయ్యి వేసింది. గోడ పొడిగా ఉంది. ఎంతసేపు నిలబడ్డా చప్పుడు లేదు. అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

జోగారావు పొడిచొక్కా వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకి జాలేసింది.

"అయ్యో, ఏటమ్మా ఏడుస్తన్నావు? ఎవరన్నా పోయారేటి?"

"అవును నాన్నా."

"బాగా కావలసినోళ్లేనా?"

కనకం ఆయన మొహంలో అమ్మ జాడ కోసం వెతికింది, లేదు. పక్కింట్లో పట్నాయక్ గారి యంత్రం కూత వినబడుతోంది. ఆమె గబగబా కళ్లు తుడుచుకుంది. తుడిచిన కొద్దీ తడి వస్తూనే ఉంది.

"మేస్త్రి ఇంకా వీధిలోనే ఉన్నాడేమో చూడు నాన్నా," అంది. "డబ్బాలో ఇంకొంచెం మిగిలుందేమో అడుగు."