మూడువందల పన్నెండు పేజీల మంత్రగత్తె

సొంత ఆలోచన అంత ప్రమాదకరమైన వస్తువు ఇంట్లో మరొకటి ఉండదు. దాన్ని పిల్లలకి అందకుండా పై అరలో పెట్టాలి. వీలైతే తాళం కూడా వెయ్యాలి!

నవ్వకండి. మా ఊరి పిల్లలు యాభై ఏళ్లపాటు ఆ ప్రమాదంలోనే పెరిగారు. ఇన్నాళ్లకి మా వల్లెలూనా వినోదాల పార్కు యాజమాన్యానికి జ్ఞానోదయమైంది. ఆ సంగతి నలుగురికీ చెప్పడం కాలమిస్టుగా నా విధి. దీనికోసం నాకెవరూ పైసా ఇవ్వలేదు. పార్కువాళ్లు పంపిన సీజన్ పాస్ సంగతి వేరు, అది కేవలం మర్యాద.

ముందు ఆ ప్రమాదం ఎలాంటిదో చెబుతాను.

ఇటలీలో మా రొమాన్యా ప్రాంతంలో పుట్టిన ప్రతివాడికీ బోర్దా తెలుసు. పొగమంచు పట్టిన కాలవగట్ల మీద కాచుకుని కూర్చుని, ఒంటరిగా తిరిగే పిల్లల్ని తాడేసి లాక్కుపోయే ముసలి మంత్రగత్తె. 1974లో లేయార్కో అనే స్కూటర్ మెకానిక్ ఆవిడకి పార్కులో ఒక ఇల్లు కట్టాడు. చీకటి సొరంగం, అందులో చిన్న కాలవ, కాలవలో ఎనిమిది పడవలు. బోర్దా ముక్కు స్కూటర్ మడ్‌గార్డు, జుట్టు చిరిగిన చేపల వల. ఎవరి దగ్గరా హక్కులు కొనలేదు, ఎవరినీ అనుమతి అడగలేదు! ఎంత నిర్లక్ష్యం!

అసలు ఘోరం అది కాదు. టిక్కెట్టు కిటికీలో ఇరిదె కూర్చునేది. పిల్లాడికి టిక్కెట్టు చింపి ఇచ్చాక, తల్లి వైపు వంగి, "ఏం చేశాడేమిటి ఈ మధ్య?" అని గుసగుసగా అడిగేది. తల్లి ఇంకా మెల్లగా చెప్పేది. ఇరిదె దాన్ని చీటీ మీద రాసి, బట్టలారేసే తాడుకి క్లిప్పుతో తగిలించి, కప్పీ తిప్పేది. ఆ చీటీ ఊగుతూ పోయి సొరంగంలో తెర వెనక కూర్చున్న ఆమె ఆడపడుచు నీవెస్ చేతిలో పడేది. బోర్దా గొంతు నీవెస్‌దే.

పడవ మలుపు తిరుగుతుంది. చీకట్లో మడ్‌గార్డు ముక్కు కదులుతుంది. పైనుంచి ఒక గొంతు, "మిర్కో! టూత్ బ్రష్ తడిపేసి, పళ్లు తోముకున్నానని చెప్పిందెవడ్రా?" అంటుంది. మిర్కో కెవ్వుమంటాడు. పడవంతా పగలబడి నవ్వుతుంది. బయటికొచ్చాక మిర్కో మళ్లీ ఎండాకాలం వచ్చేదాకా బడిలో అందరికీ చెప్పుకుంటాడు, "బోర్దాకి నా పేరు తెలుసు" అని.

ఆరేళ్ల వయసులో నన్ను కూడా పిలిచింది. దేనికన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఇదంతా ఎంత అనాగరికం, మీరే చెప్పండి! ఊళ్లో పిల్లల గుట్టంతా ఒక చేపల వల జుట్టు మనిషి చేతిలోనా?

రెండేళ్ల క్రితం మా పార్కు డైరెక్టర్ సంజోర్జి గారు ఏదో పెద్ద సమావేశానికి వెళ్లి, సమతుల్యం అనే మాట వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. పార్కన్నాక సగం మనది ఉండాలట, సగం కొన్నది ఉండాలట. మనది ఎలాగూ ఉంది కాబట్టి వెంటనే కొనడానికి బయలుదేరారు. కొన్నారు కూడా. ఎవర్ని? సాక్షాత్తు మేజర్ గ్రావిటోని!

మేజర్ గ్రావిటో తెలియనివాళ్లు ఉంటారా? ఏడు సినిమాలు, రెండు కార్టూన్లు, స్కూలు బ్యాగులు, హవాయి చెప్పులు, మలబద్ధకానికి ఒక సిరప్పు. ఇందులో ఉన్న సుఖం గమనించండి. పాతకాలంలో వరుసలో నిలబడ్డ పిల్లలు ప్రశ్నలతో చంపేవారు. బోర్దా ఎవరు, ఎక్కడ పడుకుంటుంది, తాడు ఎక్కడ కొంది, ఆవిడకి అమ్మ ఉందా? నాన్నలు నీళ్లు నమిలేవారు. మేజర్ దగ్గర ఆ బాధ లేదు. పిల్లాడు అంతా తెలిసే లోపలికి వెళతాడు, తెలిసినంతతోనే బయటికొస్తాడు. మధ్యలో బుర్రకి ఏ శ్రమా ఉండదు!

ఈ పద్ధతి పార్కుతో ఎందుకు ఆగిపోవాలో నాకు అర్థం కావడం లేదు. మా అత్తగారు ప్రతి క్రిస్మస్‌కీ చేసే, చీజ్ కూరిన కప్పెల్లెత్తి బిళ్లల పులుసు ఒక ఏడు జాజికాయ ఎక్కువై, ఒక ఏడు ఉప్పు తక్కువై ఉంటుంది. ఎవరైనా పేరున్న సంస్థ వచ్చి ఆవిడ వంటింటిని కొనేసి, చేతిలో ఒక మాన్యువల్ పెడితే ఎంత బాగుంటుంది! పెళ్లిరోజు మా ఆవిడ అడిగే ప్రశ్నలకి కూడా ముందే ఆమోదించిన జవాబులు ఉంటే నాలాంటివాళ్లు ఎంతమంది బాగుపడతారు!

సరే, అసలు విషయానికి వస్తాను. మేజర్ గారికి చోటు కావాలి. పార్కులో ఖాళీ లేదు. అందుకని సమతుల్యం చెడకుండా ఆయన్ని బోర్దా సొరంగంలోనే పెట్టి, బోర్దాని ఆయన శత్రువుగా ఉంచుతామని సంజోర్జి గారు మేజర్ హక్కుదారులకి రాశారు. వాళ్లు చాలా దయగలవాళ్లు. సరేనంటూ మూడువందల పన్నెండు పేజీల మాన్యువల్ పంపారు.

బోర్దా ముసలిదై ఉండరాదు, వృద్ధులు నొచ్చుకుంటారు. ముక్కు పొడుగ్గా ఉండరాదు, ముక్కులున్నవాళ్లు నొచ్చుకుంటారు. తాడు ఉండరాదు, ప్రమాదం. మా యాస మాట్లాడరాదు, బొలోన్యా నగరం దాటితే ఎవరికీ అర్థం కాదు. పిల్లల్ని పేరుపెట్టి అస్సలు పిలవరాదు. ఇవన్నీ తీసేశాక బోర్దాలో మిగిలింది కాస్త పొగ, మూడు సెకన్ల నవ్వు. ఆ నవ్వు బటన్ నొక్కే ఉద్యోగం నీవెస్‌కి ఇచ్చారు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి అరిచి గొంతు పాడుచేసుకోకుండా వేలితో పని కానిచ్చే ఏర్పాటు! ఇంతకన్నా మానవత్వం ఏముంటుంది?

ఒక్క ఇరిదె మాత్రం దారికి రాలేదు. టిక్కెట్లు ఫోన్లలోకి వెళ్లిపోయినా ఆమె అదే కిటికీలో కూర్చుంది. తల్లులు అలవాటు కొద్దీ వంగి చెబుతూనే ఉన్నారు, ఆమె రాసి పంపుతూనే ఉంది.

"వదినా, ఇంకా ఎందుకు పంపిస్తున్నావు ఈ చీటీలు? నేను పైకి చదవకూడదుగా!" అంది ఒకరోజు నీవెస్.

"చదవకు. వాళ్లు చెబుతుంటే నన్ను చెవుల్లో దూది పెట్టుకోమంటావా?"

నీవెస్ ప్రతి చీటీ చదువుకుని, ఆప్రాన్ జేబులో పెట్టుకుని, బటన్ నొక్కేది.

ఆగస్టు నడుమ వచ్చే ఫెర్రగోస్తో పండగ మధ్యాహ్నం కొత్త సొరంగానికి ప్రారంభోత్సవం. హక్కుదారుల ప్రతినిధి హాల్వర్సన్ గారు స్వయంగా వచ్చి, సంజోర్జి గారి పక్కన మూడో పడవలో కూర్చున్నారు. ఎనిమిది పడవలూ లోపలికి వెళ్లాయి. మొదటి మలుపులోనే కంప్యూటర్ చచ్చింది. పడవలు ఆగాయి, దీపాలు ఆరాయి. మేజర్ గ్రావిటో చెయ్యి పైకెత్తి, "భయపడకండి, నేను..." అని ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "భయపడకండి, నేను... భయపడకండి, నేను..."

ఎవరికైనా భయం వెయ్యదూ! ఒక పిల్లాడు ఏడుపు అందుకున్నాడు, క్షణంలో ఎనిమిది పడవలూ అందుకున్నాయి. ఇలాంటి సమయంలో సిబ్బంది మౌనంగా ఉండాలని మాన్యువల్ రెండువందల ఏడో పేజీ స్పష్టంగా చెబుతోంది. మేజర్ గారి లోకం చెదిరిపోకూడదు కదా!

ఆరో పడవలో నా చుట్టూ నలుగురు పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. అప్పుడు పైన గరగరమని చప్పుడైంది. లేయార్కో గోడకి బిగించిన పాత మైకుని ఎవరూ పీకలేదు.

"ఎవర్రా ఆ ఏడ్చేది? ఎలియా! నువ్వేనా? చెల్లెలి ఐస్‌క్రీమ్ నాకేసి, పిల్లి తినేసిందని చెప్పావట! పిల్లి వచ్చి నా దగ్గర మొత్తుకుంది!"

ఏడుపు టక్కున ఆగింది. చీకట్లోంచి ఒక సన్నటి గొంతు లేచింది.

"పిల్లి అబద్ధాలాడుతుంది!"

పడవలు ఊగిపోయేలా నవ్వారు జనం. అక్కడినుంచి నీవెస్ ఆగలేదు. జేబులోంచి ఒక్కో చీటీ తీసి, ఫోను వెలుగులో చదివి, గ్రేతాని పిలిచింది, కవలల్నిద్దర్నీ పిలిచింది, ఎవరి తాతయ్యనో కూడా పిలిచింది. పిలవనివాళ్లు "నేను? నేను?" అని అరిచారు. చివరికి ఆఖరి చీటీ తీసింది. పక్క హోటల్ వెయిటర్ కళ్లారా చూసి, పరుగెత్తుకొచ్చి ఇరిదెకి చెప్పిన సంగతి అది.

"మూడో పడవలో పెద్దమనిషీ! హాల్వర్సన్! కడుపునిండా వేయించిన చేపలు తిని, దాని మీద కపుచినో తాగావట! మధ్యాహ్నం రెండింటికి! మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా?"

భోజనం మీద పాల కాఫీ తాగడం మా దేశంలో మహాపాపం. సొరంగమంతా అయ్యో అంది. నా వెనక ఒక ముసలామె గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. సంజోర్జి గారు ఆయనకి తర్జుమా చేశారు. తర్వాత హాల్వర్సన్ గారు కడుపు పట్టుకుని నవ్వారు. దీపాలు వచ్చాక కూడా కళ్లు తుడుచుకుంటూ, "ఆవిడకి నా పేరెలా తెలుసు?" అని పిల్లాడిలా అందర్నీ అడిగారు.

బోర్దా గెలిచిందని ఆ సాయంత్రం ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. మాకు వ్యాపారం తెలియదు.

మూడు వారాలకి ప్రకటన వచ్చింది. హాల్వర్సన్ గారి సంస్థ బోర్దాని కొనేసింది!

సంజోర్జి గారి కళ్లలో ఆనందబాష్పాలు చూడాలి మీరు. కొన్న సగం ఎలాగూ కొన్నదే, సొంత సగం కూడా ఇప్పుడు కొన్నదైంది. ఇంతకంటే గొప్ప సమతుల్యం ఎక్కడైనా ఉందా? బోర్దాకి ముక్కు తిరిగొచ్చింది, జుట్టు తిరిగొచ్చింది. నాలుగు దేశాల్లో నాలుగు సొరంగాలు కడుతున్నారు. పేర్లు కూడా పిలుస్తుంది! ఒక్కో దేశంలో బాగా వాడుకలో ఉన్న నలభై పేర్లు ఏరి, పేరున్న నటితో స్టూడియోలో చెప్పించారు. తప్పులు మరీ సొంతంగా ఉండకూడదు కాబట్టి ఆమోదం పొందిన తప్పు ఒకటే పెట్టారు.

"లూకా! నువ్వు అల్లరి చేశావు!" అంటుంది బోర్దా. లెక్క తప్పదు, ప్రతి పడవలోనూ ఒక లూకా ఉంటాడు. లేకపోతే తరవాతి పడవలో ఉంటాడు.

ఎలియా పేరు ఆ నలభైలో లేదు. వాడు ఒకే రోజు నాలుగుసార్లు ఎక్కాడు. నాలుగుసార్లూ లూకానే పిలిచింది. దిగి వచ్చి, "నేను అంతకంటే పెద్ద తప్పే చేశానే!" అన్నాడు వాళ్లమ్మతో. పిల్లల్లో సహనం తగ్గిపోతోందనడానికి ఇది మంచి ఉదాహరణ.

నీవెస్‌కి కూడా అన్యాయమేమీ జరగలేదు. పార్కు హద్దుల్లో ఆ గొంతుతో మాట్లాడనని సంతకం పెట్టించుకుని, పూలగుత్తి ఇచ్చి పంపారు. ఆమె గేటు బయట, హద్దురాయికి పది అడుగుల అవతల, పియదీనా రొట్టెల బండి పెట్టుకుంది. ఇరిదె పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటోంది. అంచేత అందరూ సుఖంగా ఉన్నారని, ఇదంతా మన మంచికేనని ఈ పేజీలో వరుసగా మూడు వారాలు రాశాను. ఇది నాలుగోది.

ఇక్కడితో ముగిద్దామనుకుంటూ నిన్న పార్కు నుంచి బయటికొచ్చాను. ఆకలేసింది. బండి దగ్గర వరుసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరు, వెనక చాలామంది పిల్లలు. నా వంతు వచ్చేసరికి ఇరిదె ఒక చీటీ మడిచి పెనం పక్కన పెట్టింది. నీవెస్ తలెత్తకుండా రొట్టె తిప్పింది. తర్వాత ఆ గొంతు వచ్చింది.

"ఓలిందో! ఆరేళ్లప్పుడు ఉప్పు డబ్బాలో పంచదార పోసి, నేను కాదన్నావు. యాభై ఏడేళ్లొచ్చి ఒక పాస్ కోసం, ఇదంతా మన మంచికేనని పేపర్లో రాస్తున్నదెవడ్రా? మళ్లీ నేను కాదంటావా?"

వరుసంతా గొల్లున నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. రొట్టె అందుకున్నాను. నా వెనక ఎలియా మునివేళ్ల మీద లేచి, "ఇప్పుడు నాది! నాది చెప్పు!" అంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాల్సినవాణ్ని, ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచాను. ఆవిడకి నా పేరు ఇంకా గుర్తుంది!

పొద్దున్నే సీజన్ పాస్ తిరిగిచ్చేశాను. గేటు బయట నిలబడటానికి పాస్ అక్కర్లేదు.