ఆదోని మిద్దెల మీద హెలికాప్టర్లు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉండింది. హొళగుంద పక్క నుంచి మబ్బు నల్లగా ఎక్కి వచ్చి, ఎమ్మిగనూరు నెత్తిన నిలబడిపోయింది. నేను విత్తనమేసి పదకొండు దినాలు. శేషన్న సైకిలు షాపు ముందర కూచోని మబ్బునే చూస్తా ఉన్నాను.

"జయన్నా, ఆ మబ్బును సూసి ఆశపడొద్దు," అన్నాడు శేషన్న, ట్యూబుకు పంచరు వేస్తా. "ఈ సీమలో ఇంతవరకూ పుట్టని మెదడు ఒకటి పుట్టింది. అది ఈ తలకాయలో ఉంది. ఆ మెదడు సెప్తాంది, ఈ పొద్దు వాన రాదు. నేరస్తుడు గానీ, మబ్బు గానీ, నా కంటి ముందర నటించలేదు."

నేనేమీ అనలేదు. శేషన్నతో నాకు ముప్పై ఏండ్ల స్నేహం. అందులో ఇరవై తొమ్మిదేండ్లు నేనేమీ అనలేదు.

ఈయన వారంలో ఆరు దినాలు సైకిళ్లు బాగు చేస్తాడు. ఏడో దినం కేసు వస్తే డిటెక్టివు. షాపు బోర్డు మీద 'సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును' అని ఉంటే, దాని కింద 'రహస్యములు ఛేదించబడును' అని తనే రాసుకున్నాడు. అప్పటికి ఛేదించినవి రెండు. మొదటిది నా మేక. శేషన్న మూడు ఊర్లు తిరిగి ఒక అమాయకుణ్ణి పట్టుకొచ్చే లోపల, మేక తనే ఇంటికొచ్చి ఈనింది. రెండోది షాపులో పోయిన గాలి పంపు. అది గోనెసంచి కింద ఉండింది. శేషన్న ఆ సంచి మీదనే కూచోని రెండు దినాలు విచారణ జరిపినాడు.

అప్పుడు వచ్చింది దేవక్క. మగ్గం నేసే వెంకటేశులు భార్య. పుట్టిల్లు హొళగుంద. చేతిలో రేకు పెట్టె.

"శేషన్నా, మా ఆయన నాలుగు నెలల్నుంచి ఆదివారం వస్తే సాలు, ఆదోనికి పోతాండాడు. ఎందుకంటే సెప్పడు. నాకు తెలిసిపోయింది. ఆడ ఇంకో మగ్గం ఉంది."

"సాక్ష్యం?"

"కాళ్లు."

శేషన్న నోటు పుస్తకం తీసి రాసుకున్నాడు. "ఎన్ని కాళ్లు?"

"రెండేన్నా. పద్నాలుగేండ్లుగా నిద్రలో గూడా మగ్గం తొక్కుతాడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఆ సప్పుడుకే నాకు నిద్ర పడతాది. ఇప్పుడు అట్ల కాదు. కుడికాలు తొక్కి పట్టుకుంటాడు. ఎడమకాలు మెల్లగా, దొంగ మాదిరి జరుపుతాడు. ఎడమ చేత్తో దుప్పటి పైకి లేపుతాడు. అది మా మగ్గం నడక కాదు."

మగ్గం అనేది ఒక మనిషి పని కాదు. గుంటలో కాళ్లు పెట్టి నేసేది మగవాడైతే, పక్కన రాట్నం ముందర కూచోని కండెలకు నూలు చుట్టి ఇచ్చేది ఇంటి ఆడమనిషి. కండె లేకుంటే, నూలు నడుమ అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒట్టి చెక్కముక్క. అందుకే దేవక్క తర్వాత అడిగింది ఆ కండెల గురించే.

"ఆ మగ్గానికి కండెలు సుట్టే ఆయమ్మ ఎవరన్నా?"

శేషన్న పంచరు కత్తెర కింద పెట్టినాడు.

"నేను సుట్టేది నిలిపి మూడు దినాలైంది," అంది దేవక్క. "మూడు గంటలకు ఆదోనిలో హొళగుంద బస్సు ఉంది. ఆ లోపల ఆయమ్మ ఎవరో సెప్పు. ఏమీ లేదని తెలిస్తే ఇంటికి పోతా. లేదా, ఆ బస్సెక్కుతా. మళ్ల రాను."

"మూడు గంటలకా? రెండున్నరకే నేరస్తురాలిని ఆదోని బస్టాండులో నీ ముందర నిలబెడతా!" అన్నాడు శేషన్న.

మారువేషం లేకుండా వెంటాడేది శేషన్నకు అలవాటు లేదు. పది నిమిషాల్లో తన మీసం గొరిగించుకోని, దాని జాగాలో అట్లాంటిదే ఇంకో మీసం అతికించుకోని వచ్చినాడు. పంచరు వేసే సొల్యూషన్‌తో అతికించినాడంట. బస్సులో వెంకటేశులు మా ముందర సీటులోనే ఉండినాడు. వెనక్కి తిరిగి చూసి, "ఏం శేషన్నా, ఆదోనికా?" అన్నాడు.

"నేను శేషన్న కాదు."

"సరేన్నా," అని వెంకటేశులు మళ్ల ముందుకు తిరిగినాడు. పాపం, ఎదుటివాని మాట కాదనే మనిషి కాదు.

ఆదోనిలో దిగేసరికి వాన పట్టుకుంది. "ఇది వాన కాదు జయన్నా," అన్నాడు శేషన్న, ముక్కు చివర నుంచి నీళ్లు కారుతా ఉంటే. "మబ్బు వేసే ఎత్తు."

వెంకటేశులు బజారులో ఒక రేడియో రిపేరు షాపు పక్క సందులోకి తిరిగి, మెట్లెక్కి మిద్దె మీద రేకుల గదిలోకి పోయినాడు. మేం మెట్ల మీదనే నిలబడి చెవులు పెట్టినాం. రేకుల మీద వాన దబదబ. లోపల ఏదో పెట్టె నుంచి గొంతులు.

"రెండో నంబరు మాట్లాడతాండా. దేవరగట్టు మింద ఉండాను."

"మూడో నంబరు. గూడూరు దాటినాను. పొగమంచు శానా ఉంది."

ఆ తర్వాత ఒక ఆడగొంతు. "నిదానంగా రా బేటా. నేను ఈడనే ఉండా."

శేషన్న నా చెయ్యి పట్టుకున్నాడు. అతని కండ్లు వెలిగిపోతా ఉన్నాయి. "జయన్నా! ఇది మొగుడూ పెండ్లాల తగాదా కాదు. దేశం కొంప మునిగే యవ్వారం. శత్రువు దేవరగట్టు దాకా వచ్చినాడు. ఆ ఆడమనిషే నాయకురాలు!"

నేను దేవరగట్టు దిక్కుకు ఆకాశం చూసినాను. కొంగ గూడా లేదు.

శేషన్న నాలుగడుగులు వెనక్కి పోయి, తలుపును భుజంతో గుద్దినాడు. తలుపు వేసి లేదు. పోయి లోపల బోర్లా పడినాడు. పడినవాడు పడినట్టే ఉండి, "అందరూ చేతులు పైకెత్తండి!" అన్నాడు.

గదిలో ఉండింది ఇద్దరే. ఒకడు వెంకటేశులు. ఇంకొకాయన తెల్ల గడ్డం పెద్దమనిషి, షాపు యజమాని ఇమాం సాబ్. ఆయన కండ్లద్దాలు సర్దుకోని, "కొత్త మెంబరా? రా అప్పా. సెప్పులు మాత్రం బయట ఇడువు," అన్నాడు.

"నువ్వేనా శేషన్నా?" అన్నాడు వెంకటేశులు.

"కాదు!" అన్నాడు శేషన్న. తడిసిన మీసం ఒక పక్క ఊడి గడ్డం మీదికి జారింది.

గది నడుమ ఒక కుర్చీ. కుర్చీ కింద బండి గిరక, ఎటు తోస్తే అటు తిరిగేట్టు. ముందర మగ్గానికుండే తొక్కుడు చెక్కలు రెండు. నడుమ ఒక కట్టె. ఎడమ పక్క పైకి లేపే కడ్డీ. గోడకు తగిలించి టెలిఫోను, దాని పక్కన గొంతులు వినిపించే స్పీకరు పెట్టె. నాకు అర్థం కాలేదని చూసి ఇమాం సాబే చెప్పినాడు.

"మిలిట్రీలో ఇరవై రెండేండ్లు హెలికాప్టర్లు రిపేరు చేసినానప్పా. వాటి కిందనే తిన్నా, కిందనే పండుకున్నా. ఒక్క దినం తోలనియ్యలేదు. రిటైరై వచ్చినాక ఈ ఉత్తుత్తి హెలికాప్టరు పెట్టుకున్నా. ఈ తీగ నాలుగు మిద్దెల మింద పోతాది. ఒక్కో మిద్దె మింద ఒక్కో కుర్చీ. రెండో నంబరు బడి అయ్యవారు, మూడో నంబరు పత్తిమిల్లు గుమాస్తా. అందరం లైనులో ఉంటాం. కింద షాపులో మా ఇంటామె హజరా బీ టవరు. ఆమె దిగమంటేనే దిగాల."

"ఎవరూ యాడికీ పోరా?" అన్నాను. ఆ దినం నేను మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటా.

"పోము. కానీ శానా దూరం పోతాం," అన్నాడు ఇమాం సాబ్. వెంకటేశులు భుజం తట్టినాడు. "మా అందర్లో గట్టి పైలట్టు ఈయన. మాకు రెండు నెలలు పట్టింది, ఈయనకు ఒక్క పూట. రెండు కాళ్లు, రెండు చేతులు, నాలుగింటికీ నాలుగు పనులు. అది నేసేవాళ్లకే వస్తాది."

శేషన్న నా చెవిలో, "ముఠాలో చేరి లోపల్నుంచి కూలుస్తా, సూస్తా ఉండు," అన్నాడు. పోయి కుర్చీలో కూచున్నాడు.

ఆ సమయానికే కింద ఏం జరిగిందంటే, తర్వాత బస్సులో దిగిన దేవక్క పెట్టె నెత్తిన పెట్టుకోని వానలో బజారున నడిచి వస్తా, తలదాచుకునేకి ఆ రేడియో షాపు చూరు కిందనే నిలబడింది. హజరా బీ లోపలికి పిలిచి కూచోబెట్టింది. అప్పుడే లోపల పొయ్యి మీద అన్నం పొంగింది. హజరా బీ టెలిఫోను దేవక్క చేతిలో పెట్టి, "ఒక్క నిమిషం పట్టుకో బేటీ. ఎవరన్నా దిగాలా అని అడిగితే దిగు అను," అని వంటింట్లోకి పరుగెత్తింది.

పైన శేషన్న కాళ్లు చెక్కల మీద పెట్టినాడు. సైకిలు షాపు మనిషి. ఏది కాలి కింద పడినా తొక్కడమే తెలుసు.

"మెల్లగా అప్పా! ఒకటి తొక్కితే ఇంకోటి ఇడవాల!" అన్నాడు ఇమాం సాబ్.

శేషన్న రెండూ తొక్కినాడు, ఎదురుగాలిలో తొక్కినట్టు తొక్కినాడు. కుర్చీ గిర్రున తిరిగింది. "తోక తిరుగుతాంది! తోక పట్టుకో!" అని ఇమాం సాబ్ అరిచినాడు. శేషన్న వెనక్కి చెయ్యి పెట్టి తోక వెతుక్కున్నాడు. కట్టె ఊడి చేతికొచ్చింది. మీసం ఎగిరిపోయి గోడకు అంటుకుంది. ఆరో చుట్టులో టెలిఫోను దొరికితే దాన్ని కరుచుకున్నాడు.

"టవర్! టవర్! నేను ఎమ్మిగనూరు డిటెక్టివ్ శేషన్న! దించండి నన్ను!"

స్పీకరు పెట్టెలోంచి దేవక్క గొంతు వచ్చింది. "శేషన్నా? యాడుండావు?"

"గాల్లో!"

"గాల్లో ఏం సేస్తాండావు? మా ఆయన యాడ?"

"నా పక్కనే ఉండాడు!"

వెంకటేశులు గంజి పెట్టిన పడుగు మాదిరి బిగుసుకుపోయినాడు. ఇమాం సాబ్ కుర్చీ ఆపి, టెలిఫోను తీసి వెంకటేశులు చేతికిచ్చినాడు.

"దేవీ," అన్నాడు వెంకటేశులు.

"ఆ మగ్గానికి కండెలు ఎవరు సుడతాండారు?"

"ఇది మగ్గం కాదు. నూలు లేదు. గుడ్డ రాదు."

"మరి ఏం వస్తాది?"

"ఏమీ రాదు."

"ఏమీ రానిదాన్ని నాలుగు నెలలు నా దగ్గర దాచి పెడ్తివా?"

నడుమ ఇంకో గొంతు. "టవర్, రెండో నంబరు. నా దగ్గర ఇంధనం అయిపోతాంది."

"నువ్వు కాసేపు ఆడనే ఉండప్పా, మేం మాట్లాడుకుంటాండాం," అంది దేవక్క.

వెంకటేశులు గోడ పక్కకు తిరిగి నిలబడినాడు. మేం వినకూడదని కావచ్చు. గది చిన్నది, వినక తప్పలేదు.

"పోయిన ఓట్లప్పుడు మన మైదానంలో హెలికాప్టరు దిగింది గదా. అందరూ లోపల్నుంచి దిగే పెద్దాయన్ను సూసినారు. నేను తోలేవాని కాళ్లు సూసినా. మన మాదిరే తొక్కుతాండాడు దేవీ. వాడు పైకి పాయె. నేను ఇంటికొచ్చి మళ్ల గుంటలో కాళ్లు పెట్టుకుంటిని. పద్నాలుగేండ్లు గుంటలోనే ఉండాయి ఈ కాళ్లు. వారానికొక్క పూట పైకి రావాలనిపించింది. సెప్తే నవ్వుతావని సెప్పలేదు."

"నవ్వుతా," అంది దేవక్క. "నవ్వితే ఏమి? నవ్వి, పోయి రమ్మని పంపించేదాన్ని గదా."

వాన సప్పుడు తగ్గింది. వెంకటేశులు టెలిఫోను రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"టవర్," అన్నాడు. "దిగాలా?"



"దిగు," అంది దేవక్క. "పైనున్న వాళ్లందరూ దిగండి."

కింద హజరా బీ చాప పరిచి పెట్టింది. అన్నం, పప్పు, వంకాయ కూర. దేవక్క రేకు పెట్టె గోడ వారకు జరిపి, మొగుని పక్కన కూచుంది. శేషన్న తలకాయ ఇంకా కొంచెం తిరుగుతానే ఉంది. అయినా లేచి నిలబడి, "ఈ కేసును నేను..." అని మొదలుపెట్టినాడు. హజరా బీ అన్నం గరిటె చేతిలో పట్టుకోని అతని దిక్కు చూసింది. కూచున్నాడు.

మూడు గంటలకు బస్టాండు పక్క నుంచి హొళగుంద బస్సు హారను కొట్టింది. రెండోసారి కొట్టి పోయింది. దేవక్క తల ఎత్తలేదు. వెంకటేశులు విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసింది.

కూరలో ఉప్పు మరిచిపోయి ఉండింది. అందరం తిన్నాం.