పన్నెండో ఇంట్లో కుర్చీల కాపురం

"మా 'ఒకే గడప' కో-హౌసింగ్ ఉమ్మడి కాలనీలో పెద్దా చిన్నా లేదు. పన్నెండు ఇండ్లూ చెయ్యెత్తితేనే తీర్మానం" అని పావగడలో అధ్యక్షుడు కృష్ణప్ప ప్రకటించినాడు. ఆ మాట అంటున్నప్పుడు కెంచమ్మ కామన్ హాలు ఊడుస్తా ఉండింది. పన్నెండో ఇల్లు ఆమెదే.

అంటే, పట్టాలో ఆమెదే. ఆమె ఊరు వల్లూరులో శెనక్కాయ చేన్లు సోలార్ ప్యానెళ్ల కిందికి పోయినాక భూమున్నోళ్లకు ఏటేటా బాడుగ వచ్చింది, కలుపు తీసే కెంచమ్మకు తీరిక వచ్చింది. ఒక ఇల్లు కూలోళ్లకిస్తే సైటు సగం ధరకే అని సర్కారు అనేసరికి, కృష్ణప్ప పెద్ద మనసుతో ఆమెను వెతికి తెచ్చి వేలిముద్ర వేయించినాడు.

ఆ ఇంట్లో కాపురం మాత్రం హాలు కుర్చీలది. నూటిరవై ప్లాస్టిక్ కుర్చీలు, వంటింట్లో సహా. కెంచమ్మ గేటు పక్క రేకుల షెడ్డులో ఉండేది.

కుర్చీలు తీయమని ఆమె అడిగితే కృష్ణప్ప మర్యాదగా అజెండాలో చేర్చినాడు. పదకొండు ఇండ్లు గంటసేపు బాధపడినాయి. ఎవరింట్లోనూ చోటు లేదు. లేచిన చెయ్యి కెంచమ్మదొక్కటే.

"నేను చెయ్యెత్తినా కదా సామీ?"

"కాపురముండే వాళ్లకే ఓటు కెంచమ్మా. నువ్వు ఆడ ఉండల్యా కదా."

"కుర్చీలుండాయి సామీ."

"అదే నేను చెప్తాండేది."

ఈ ఐకమత్యం చూడ్డానికి మంత్రిగారు బయల్దేరినారు. కుర్చీలన్నీ షామియానాలోకి మోయమని కృష్ణప్ప కెంచమ్మకే చెప్పినాడు. ఆఖరి కుర్చీ బయటికొచ్చినాక షెడ్డులోని ఆమె మంచం, పొయ్యి లోపలికి పోయినాయి.

పన్నెండు ఇండ్లూ ఒకే వంటింట్లో తింటామని కృష్ణప్ప మైకులో గొప్పగా చెప్పినాడు. అయితే ఆడే కాఫీ తాగుదామన్నారు మంత్రిగారు. కామన్ వంటింటికి తాళం వేసి రెండేండ్లయింది, తాళంచెవి యాడుందో తెలీదు. కాలనీలో పొగ ఒక్క పన్నెండో ఇంట్లోనే లేస్తాంది. మంత్రిగారు నేరుగా అటే నడిచినారు. లోపల పాలు పొంగుతాండాయి.

"ఏందమ్మా, గృహప్రవేశమా?"

"అవును సామీ. మొదటి చుట్టం మీరే."

కెమెరాలు మెరిసినాయి. ఇది మా కమిటీ కానుక అన్నాడు కృష్ణప్ప, కెమెరాల ముందుకు జరిగి. పేపర్లో ఫోటో కూడా పడింది.

ఆ తర్వాతి ఆదివారమే మీటింగు. మొదటి అంశం: ఎండకు కాలుతున్న కుర్చీలను పన్నెండో ఇంటికి తిరిగి చేర్చుట. పదకొండు చేతులు లేచినాయి. అందరూ కెంచమ్మ వైపు చూసినారు. ఆమె చేతులు ఒళ్లోనే ఉండాయి.

"ఇప్పుడు ఆడ ఉండేది నేను కదా సామీ."

కృష్ణప్ప కాగితం తిప్పి రెండో అంశం చదివినాడు: అందరూ చెయ్యెత్తాలనే నిబంధన రద్దు.

దానికీ పన్నెండు చేతులు కావాల. కెంచమ్మ అప్పటికే పొయ్యి మీద పాలున్నాయని లేచి ఇంటికి పోయింది.