అదనపు స్తంభాలపై ఆడిట్ అభ్యంతరం

వస్తువు ఎంత చిన్నదైతే దాన్ని తయారు చేయించే ఆఫీసు అంత పెద్దదిగా ఉండాలి. ఇది ప్రకృతి నియమం. నమ్మనివారు కర్నూలు వచ్చి మా సూక్ష్మ చిప్పుల విశ్వసనీయతా సంస్థను చూసుకోవచ్చు. వెంట్రుకను కొన్ని వేల పాయలుగా చీలిస్తే వచ్చేంత సన్నటి తీగలను గీయడం ఈ సంస్థ పని. అందుకని మూడంతస్తుల భవనం, ఒక డైరెక్టరు, ఇద్దరు జాయింట్ డైరెక్టర్లు, ఒక ప్రోటోకాల్ అధికారి, పూలకుండీల పర్యవేక్షకుడు, పత్రికా ప్రకటనలు రాయడానికి నేను ఉన్నాం. చిప్పులు గీసేవాళ్లు కూడా ఉన్నారు. ఆమె పేరు ప్రేమజ్యోతి.

ప్రేమజ్యోతిది ఆత్మకూరు దగ్గర పల్లె. తల్లి ఏసుమణికి బోరు కింద ఎకరం మిరప, వానను నమ్ముకున్న రెండెకరాల కంది ఉన్నాయి. బోరులో నీళ్లు అడుగంటినా మోటారుకు ఆ సంగతి తెలియదు. తిరిగి తిరిగి కాలిపోతుంది. పోయిన ఏడు ఒకసారి కాలింది. ఇంకోసారి కాలితే మిరప మానేయడమేనని ఏసుమణి తేల్చేసింది. ప్రేమజ్యోతి గీసిన చిప్పు స్టార్టరు డబ్బాలో కూర్చుని, నీళ్లు తగ్గగానే మోటారును ఆపేస్తుంది. ప్రయోగానికి మొదటి చిప్పు ఏసుమణి బోరుకే పెట్టాలని డైరెక్టరు ఓబుళేశు గారు కూడా ఒప్పుకున్నారు. (నోటిమాటగా. రాతలో ఆయన దేనికీ ఒప్పుకోరు.)

ఇక్కడ కొంచెం శాస్త్రం అవసరం. చిప్పులో కూడా అంతస్తులుంటాయి. ఒక అంతస్తు తీగను పై అంతస్తు తీగతో సన్నటి లోహపు స్తంభాలు కలుపుతాయి. ఫ్యాక్టరీలో లోహం నింపేటప్పుడు కోట్ల స్తంభాల్లో కొన్ని సరిగా నిండవు. ఏవి నిండవో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకని ప్రేమజ్యోతి ఒక్కోచోట రెండేసి స్తంభాలు పెట్టింది. ఖాళీ జాగాల్లో దేనితోనూ సంబంధం లేని లోహపు ముక్కలు కూడా పరిచింది. అవి లేకపోతే పొరను సానబట్టేటప్పుడు ఒకచోట గుంత, ఒకచోట మిట్ట పడుతుంది.

ఇదంతా సజావుగా సాగుతుండగా కడప నుంచి మితవ్యయ సమన్వయ విభాగం వారి ఆడిట్ అధికారి రాఘవేంద్రప్రసాద్ గారు తనిఖీకి వచ్చారు. రెండు జీపుల్లో వచ్చారు. (రెండో జీపు ఖాళీది. మొదటిది మైదుకూరు దగ్గర ఆగిపోతే ఎక్కడానికి.) మొదట ఆయన దేనితోనూ సంబంధం లేని ముక్కల మీద పడ్డారు.

"ఏ పనీ చేయకుండా, ఖాళీ నింపేదానికి మాత్రమే ఉండేటివి ఎందుకమ్మా? తీసేయండి."

ఇద్దరు జాయింట్ డైరెక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కిటికీలోంచి పూలకుండీలను చూశాను. వాటి పర్యవేక్షకుడు నన్ను చూశాడు.

ఆ తర్వాత స్తంభాల వంతు వచ్చింది.

"ఒకటి చాలదా? రెండెందుకు పెట్టినావు?"

"ఒకటి నిండకపోతే ఇంకొకటి ఉండాది కద సార్. ఒక్కటి పోయినా చిప్పంతా పోతాది."

"ఏది పోతాదో చెప్పు. దానికొక్కదానికే రెండు పెట్టుకో."

"అది తెలిస్తే ఇంత బాధ యాడిది సార్?"

"తెలీకుండానే కట్టినావా?" అని ఆయన ఎంతో బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు. ప్రజాధనం విషయంలో ఆయన మనసు శానా మెత్తన.

ప్రేమజ్యోతి ఇంకా మంచిగా చెబుదామనుకుంది. చదువుకున్నవాళ్లకు ఉండే జబ్బే ఇది, ఉదాహరణ ఇస్తే ఎదుటివాడికి అర్థమవుతుందనుకోవడం.

"సార్, మా అమ్మ కంది గింజలు గుంతకు రెండేస్తాది. ఒకటి మొలవకపోయినా ఇంకొకటి మొలుస్తాది. రెండూ మొలిస్తే ఒకటి పీకేస్తాది. సీమలో అందరూ అట్లనే చేస్తాండారు."

రాఘవేంద్రప్రసాద్ గారు కలం ఆపి తలెత్తారు.

"పీకేస్తాదా?"

"పీకేస్తాది సార్."

"అందరూనా?"

"అందరూ సార్."

తన మాట చెవికెక్కిందని ప్రేమజ్యోతి ముఖం వెలిగింది. ఆయన ఎంతో శ్రద్ధగా రాసుకున్నారు. ఆమె పూర్తి పేరు, ఊరు, చదువు కూడా అడిగి రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ స్తంభాలు ఒక్కొక్కటే ఉంచాలని, ముక్కలన్నీ తీసేయాలని ఉత్తర్వు ఇచ్చి వెళ్లారు. ఆమె ఓబుళేశు గారి గదిలోకి పోయి, ఇట్లా పంపితే చిప్పులు బతకవు సార్ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ఆమెకు టీ తెప్పించారు. ఆ రోజు మా సంస్థ తీసుకున్న ఏకైక సాంకేతిక నిర్ణయం అదే.

ఉత్తర్వు ప్రకారం మార్చిన చిప్పు నమూనా అందగానే సముద్రాల అవతలి ఫ్యాక్టరీ వాళ్లు కంగారుగా జవాబు రాశారు. ఇది మా నియమాలకు విరుద్ధం, చిప్పులు పనిచేయకపోతే బాధ్యత మీదేనని సంతకం పెట్టి పంపండి అన్నారు. సంతకానికి తగిన అధికారి ఎవరన్నదానిపై సమావేశం జరిగింది. అందరూ పూలకుండీల పర్యవేక్షకుడి పేరు సూచించారు. ఆయన ఆ రోజు సెలవులో ఉండటం అందుకు దోహదపడింది.

జూన్‌లో చిప్పులు వచ్చాయి. చాలావాటికి ప్రాణం లేదు. ప్రాణమున్న కొన్ని కూడా స్టార్టరు డబ్బాలో ఎండకు వేడెక్కగానే ఊరుకున్నాయి. విచారణ సంఘం కర్నూలు ఎండను దోషిగా తేల్చింది. ఇకమీదట ఇటువంటి లోపాలు ఒక ఆడిటర్ కంటపడకపోయినా ఇంకొకరి కంట పడేలా రెండో ఆడిటర్‌ను నియమించాలని సిఫారసు చేసింది. ఈ ముందుచూపును మెచ్చుకుంటూ పత్రికా ప్రకటన నేనే రాశాను.

అదే వారంలో, చిప్పు ఆపకపోవడంతో ఏసుమణి మోటారు కాలిపోయింది. మిరప వదిలేసి, కందినైనా నమ్ముకుందామని ఆమె విత్తన పంపిణీ కేంద్రానికి వెళ్లింది. రాయితీ గింజలు అడిగినదాంట్లో సగమే ఇచ్చారు.

"ఇదేందప్పా, సగమే ఉండాది?"

"ఈ ఏడు అందరికీ సగమేనమ్మా. గుంతకు ఒకటే గింజంట. రెండోది మీరు పీకి పారేస్తాండారని నిపుణులు చెప్పినారంట." గుమాస్తా ఉత్తర్వు తిప్పి చూపించాడు. "ఈడ పేరు కూడా ఏసినారు చూడు. ప్రేమజ్యోతి, ఎంటెక్."

ఏసుమణి ఆ పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, తన బిడ్డ మాట మీద ప్రభుత్వం జిల్లా మొత్తానికి ఉత్తర్వు తీసిందని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా స్తోత్రం అన్నారు. అన్నవాళ్లలో ఎక్కువమంది కంది వేసేవాళ్లే.